పడ్డ లెక్క

ఆడవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం
జూన్ 4

చిన్నదానా,

ఈ రాత నాది కాదని నీకు తెలుసు. పక్క మంచం ఆవిడ రాస్తోంది. పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు కూర్చుని పనిచేసిందట, తుంటి విరిగి ఇప్పుడు పడుకుని పనిచేస్తోంది. నేను ఏమంటే అది రాయమన్నాను, అందం చెయ్యొద్దన్నాను. ఫోన్ చెయ్యను. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి నా నోరు ఒక పక్కకి జారుతోంది. అది విని నువ్వు ఫోన్ పక్కకి పెట్టి నవ్వుకుంటావు. కాగితం మీద నా నోరు తిన్నగానే ఉంటుంది.

సంగతి ఇది. నన్ను మన ఇస్త్రీ దుకాణం మేడ మీది నా గదికి పంపాలా, ఊరి చివర ముసలివాళ్ల గృహానికి పంపాలా అన్నది తేల్చేది పెద్ద డాక్టరు కాదు, ఒక పిల్ల. పాతికేళ్లుంటాయో లేవో. మెడలో గడియారం, చేతిలో కొలత టేపు. టేపు పిల్ల అంటాం. మనిషి నడక చూసి పడతారో పడరో చెప్పడం దాని ఉద్యోగం. పద్నాలుగు పనులు చేయిస్తుంది, ఒక్కో పనికి నాలుగు మార్కులు, మొత్తం యాభై ఆరు. నలభై ఐదు వస్తే ఇంటికి. తగ్గితే 'పడే ప్రమాదం ఉంది' అని రాసి గృహం వాళ్ల వ్యానెక్కిస్తారు.

నాకు ముప్పై ఎనిమిది వచ్చాయి.

ఎక్కడ పోయాయో చెబుతాను, న్యాయం నువ్వే చెప్పు. రెండు నిమిషాలు దేన్నీ పట్టుకోకుండా నిలబడమంది. "యాభై ఏళ్లు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడినదాన్ని, నాకు నిలబడటం నేర్పుతావా" అన్నాను. "మాట్లాడకుండా నిలబడండి బామ్మా" అంది. కళ్లు మూసుకుని నిలబడమంది. మూస్తే కుడి పక్క నేల లేనట్టయింది, తెరిచేశాను. నేల మీద చెప్పు వంగి తియ్యమంది. "ఎవరి చెప్పు" అన్నాను. "నాదే" అంది. ఒకరి చెప్పులు తీసే బతుకు కాదు నాదన్నాను. నాలుగు మార్కులూ పోయాయి. చెప్పు దానిదయితే మార్కులు నాకు తగ్గడమేమిటి? ఇదంతా చేయించేటప్పుడు నా నడుముకి ఒక పటకా బిగించి వెనక నుంచి పట్టుకుంటుంది, ఆవుకి పలుపేసినట్టు.

చివర్లో, ఇంతకు ముందు ఎప్పుడైనా పడ్డారా అని అడిగింది. ఒక్కసారి కూడా లేదన్నాను. నిన్ను అడిగితే నువ్వూ అదే చెప్పు.

మళ్లీ పరీక్ష పద్దెనిమిదిన. నైటీలు పంపు, ఇక్కడి గౌనుకి వెనక తలుపు లేదు. నేను వచ్చేదాకా దుకాణం మూసే ఉంచు. నీ కుంటికాలేసుకుని నా బల్ల దగ్గర నిలబడి జనం బట్టలు కాల్చిపెట్టకు.

చెప్పాల్సింది అయిపోయింది. కింద ఉన్నది నా వేలిముద్ర, ఎడమ చేతిది. కుడిచేయి ఇంకా మాట వినడం లేదు.

అక్క

---

దుకాణం
జూన్ 8

అక్కకి,

ముందుగా పోస్టాఫీసు అమ్మగారికి ఒక మనవి. ఇది గట్టిగా, నిదానంగా చదవండి. మా అక్కకి ఎడమ చెవి వినపడదు, కుడి చెవి తనకి నచ్చిందే వింటుంది.

దుకాణం మూయలేదక్కా. మూస్తే బట్టలు నడిచి వెళ్లి ఇంకో దుకాణంలో కూర్చుంటాయి. నీ బల్ల నాకు ఎత్తయింది. వడ్రంగిని పిలిచి దాని కాళ్లు నాలుగంగుళాలు కోయించాను. ఇప్పుడు ఎత్తు పీట మీద కూర్చుని చేసుకోవచ్చు. ఇప్పటిదాకా ఒక్క చొక్కా కాలలేదు. యాభై ఏళ్లు నన్ను మూల కూర్చోబెట్టి గుర్తులు కుట్టించావు, కుంటిది ఇస్త్రీకి పనికిరాదని. చేస్తుంటే తెలిసింది, ఇస్త్రీ కాళ్లతో చెయ్యరు.

నీకు పోయిన మార్కుల గురించి. నడిచేటప్పుడు నేల చూడకు, అది ఎక్కడికీ పోదు. ఎదురు గోడ మీద ఒక మేకు చూసుకుని దాని మీదే కళ్లు పెట్టు. తిరగాల్సి వస్తే మంచి కాలి వైపు తిరుగు. కింది వస్తువు తీసేటప్పుడు నడుము కాదు, మోకాళ్లు వంచు. ఇవి నాకెవరూ నేర్పలేదు, పడి నేర్చుకున్నాను. "కుంటిది గోడ వంక చూస్తూ నడుస్తుంది, ఎంత పొగరో" అనేదానివి. అది పొగరు కాదక్కా, మేకు.

పడలేదని చెప్పమన్నావు. అడిగితే నిజం చెబుతాను. అడక్కపోతే నోరు మూసుకుంటాను. ఇంతకన్నా మంచితనం నా దగ్గర లేదు.

మూడు నైటీలు పంపుతున్నాను. ఇస్త్రీ నాదే. మడతల్లో తప్పులు వెతుక్కో, నీకు పొద్దుపోతుంది.

అరవై ఆరేళ్ల నీ చిన్నది

---

ఆడవాళ్ల వార్డు
జూన్ 13

ఒసేయ్,

నా బల్ల కాళ్లు కోశావు. నేను బతికుండగానే కోశావు. పోయాక ఎటూ కోసేదానివి, నాలుగు రోజులు ఆగలేకపోయావు. ఆవిడ ఆ ముక్క చదువుతుంటే వార్డంతా నా మొహం వంక చూసింది. అందుకే కదా గట్టిగా చదవమన్నావు.

కానీ ఈ ఉత్తరం బల్ల గురించి కాదు. నైటీల గురించి.

నిన్న టేపు పిల్ల నన్ను నడిపిస్తోంది. బాగానే నడిచాను. ఎందుకు బాగా నడిచానో నీకు చెప్పను. గోడ మీద మేకులు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటాయి. చెప్పు కూడా తీశాను. నలభై మూడు వస్తాయి బామ్మా ఇవాళ పరీక్షయితే అంది. నా కడుపు నిండిపోయింది. అప్పుడది మోకాళ్ల మీద కూర్చుని నా పాదం సరిచేస్తూ, నైటీ మోకాలి దగ్గర వేలు పెట్టి, "ఈ ఎర్ర దారం కుట్లేమిటి, ముగ్గులాగా ఉన్నాయి" అని అడిగింది.

దుకాణం పేరెత్తితే నేను ఆగుతానా? చెప్పాను. మా దగ్గరికి ఉతుక్కీ ఇస్త్రీకీ వచ్చే బట్టకి ముందే చిరుగుంటే, మరకుంటే, దాని పక్కన ఎర్ర దారంతో ఒక కుట్టు వేస్తాం. ఈ దెబ్బ మేం చేసింది కాదు, బట్ట వచ్చేటప్పటికే ఉంది అని దానర్థం. సొంతదారు గొడవకొస్తే ఆ కుట్టు చూపిస్తాం, నోరు మూసుకుని పోతాడు. మా అమ్మ నాటి నుంచీ ఉన్న పద్ధతి, ఈ ఊళ్లో ఇంకే దుకాణానికీ లేదు అన్నాను. వార్డంతా శ్రద్ధగా వింది. పోస్టాఫీసావిడ, "రిజిస్టర్ పోస్టుకి రసీదులాంటిదన్నమాట" అంది. అవునన్నాను. నేను గొప్పగా చెప్పుకుంటూనే ఉన్నాను.

ఆ పిల్ల నైటీ అంతా చూసింది. మిగతా రెండూ తెమ్మంది. మోకాళ్ల దగ్గర, మోచేతుల దగ్గర రఫూ చేసిన చిరుగులు, ఒక్కోదాని పక్కన ఒక్కో కుట్టు. లెక్కపెట్టింది. "ఏడుసార్లు పడ్డారా బామ్మా" అంది. మెల్లిగా అంది, అదే ఎక్కువ మండింది. అబద్ధమాడదామని నోరు తెరిచాను. కుట్టు అబద్ధం చెప్పదని అప్పుడే కదా చెప్పాను.

ఏడు అని రాసుకుంది. నలభై ఐదు వచ్చినా ఆ ఏడు లెక్కలోకి వస్తుందట.

నన్ను చిరిగిన బట్టలాగా గుర్తేసి పంపావు. ఈ దెబ్బలు మా చేతిలో తగిలినవి కాదు, ముందే ఉన్నాయి అని. అయితే నేనూ ఒకటి అడుగుతాను. చలికాలంలో పొద్దున్నే నా మూతి వంకరపోయి, సాయంత్రానికి సర్దుకుంది చూడు, అప్పుడే చిన్నగా వచ్చిందట ఈ పక్షవాతం, మొదటిసారి. ఈ పడటాలన్నీ దాని తర్వాతే. అప్పుడే డాక్టరు దగ్గరికి పోయి ఉంటే రెండోది వచ్చేది కాదట. నువ్వు చూశావు. బట్టలారేసే గది గుమ్మంలో పడ్డప్పుడు నువ్వు రెండడుగుల దూరంలో పీట మీద ఉన్నావు. చేతిలో సూది. లేవలేదు. చెయ్యివ్వలేదు. నేను గడప పట్టుకుని పాకుతుంటే సూదిలో దారం ఎక్కించుకుంటున్నావు. ఏడుసార్లూ అంతే. ఇది నా ఫిర్యాదు. జవాబు చెప్పు.

సంతకం లేదు. నువ్వు గుర్తులు బాగా వేస్తావుగా, వేసుకో.

---

దుకాణం
జూన్ 16

అక్కా,

ఏడు కాదు. తొమ్మిది. రెండు నైటీలు మరీ చిరిగాయని పంపలేదు.

నీకు చెప్పుకోవాలని లేదు, అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను. నిన్ను పట్టించాలని కుట్లు వెయ్యలేదు. చిరుగు రఫూ చేస్తే పక్కన కుట్టు వెయ్యడం చేతికి అలవాటు. నిద్రలో లేపి బట్టిచ్చినా వేస్తాను. అవి చూసి ఎవరో అడుగుతారనీ, నువ్వు మైకు దొరికినట్టు దుకాణం చరిత్రంతా చెబుతావనీ నేను కలగన్నానా? ఆ నోరు నీది.

డాక్టరు సంగతి. నీ మూతి వంకరపోయిన రోజున ఆటో పిలుస్తానన్నాను. "నీ కాలు చూపించుకోవడానికి నన్ను సాకు పెట్టుకోకు" అని ఇస్త్రీపెట్టె విసిరావు. వేడిది. గోడకి తగిలింది. ఆ మచ్చ పక్కన కుట్టు వెయ్యలేకపోయాను, గోడ గనక.

ఇక చెయ్యివ్వకపోవడం. నాకు ఆరేళ్లప్పుడు మన మెట్ల మీద మొదటిసారి పడ్డాను. అమ్మ పరుగెత్తుకొచ్చింది. నీకు పన్నెండేళ్లు. చేతులు అడ్డం పెట్టి, "లేపొద్దమ్మా, అలవాటవుతుంది" అన్నావు. అమ్మ ఆగిపోయింది. నేను మిగిలిన తొమ్మిది మెట్లూ పాక్కుంటూ ఎక్కాను. నువ్వు పైన నిలబడి చూశావు. ఆ తర్వాత అరవై ఏళ్లు నన్నెవరూ లేపలేదు. పక్క దుకాణాల వాళ్లు కూడా, "వాళ్లక్క ఊరుకోదు" అని తలలు తిప్పుకునేవాళ్లు. నేను పడ్డ లెక్కకి దారం చాలదు.

నువ్వు గుమ్మంలో పడ్డప్పుడు నా చెయ్యి కదిలింది. కదలలేదని రాస్తే అబద్ధమవుతుంది. నీ మాటే గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. నీ ఇంట్లో నీ చట్టం.

నిన్న ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఎన్నిసార్లు పడ్డావని అడిగితే తొమ్మిదని చెప్పాను. పరీక్ష నెగ్గినా, పడ్డ చరిత్ర ఉంది కాబట్టి రెండు నెలలు మెట్లెక్కేటప్పుడు వెనక ఒక మనిషి ఉండాలట. ఉంటానని సంతకం పెట్టాలట. ఆలోచించి చెబుతానన్నాను. నిజంగానే ఆలోచిస్తున్నాను.

నువ్వేమంటావో వినాలని ఉంది. ఈసారి ఫిర్యాదు కాకుండా.

చిన్నది

---

ఆడవాళ్ల వార్డు
జూన్ 20

చిన్నదానా,

నలభై ఆరు వచ్చాయి. ముందు ఆ మాట రాయమన్నాను, పెద్దక్షరాలతో. ఒంటికాలి మీద మూడు క్షణాలు నిలబడ్డాను. కళ్లు మూసుకుని పది లెక్కపెట్టేదాకా కదల్లేదు. ఒక చుట్టు చుట్టి తిరిగాను, మంచి కాలి వైపు. టేపు పిల్ల చప్పట్లు కొట్టింది. పటకా వదిలేసి మరీ కొట్టింది, బుద్ధిలేనిది. పడి ఉంటే?

ఇక నీ ఉత్తరం. రెండుసార్లు చదివించుకున్నాను. మెట్ల సంగతి నాకూ గుర్తుంది. తప్పు చేశానని నా చేత అనిపించాలని చూస్తున్నావు. అనను. ఆ రోజు అమ్మ లేపి ఉంటే రేపూ లేపేది, ఎల్లుండీ లేపేది. అమ్మ పోయాక ఎవరు లేపేవారు? నేనా? నేను బల్ల దగ్గర నిలబడాలి, లేకపోతే ఇద్దరికీ తిండి లేదు. లేపనివ్వలేదు కాబట్టే నడిచావు. నడిచావు కాబట్టే ఈ రోజు నా బల్ల కాళ్లు కోసేంత దానివయ్యావు. బడికి పంపింది కూడా నేనే. నువ్వు కూర్చుని చదువుకున్నావు, నేను నిలబడి నా పేరు రాసుకోవడం కూడా రాకుండా పోయాను. ఆ కుట్టు ఎక్కడ వేశావు? కనిపించదే.

మేడ గది ఖాళీ అయితే నువ్వు ఎక్కి కూర్చోవాలని చూస్తున్నావని నాకు తెలుసు. గాలి బాగా వస్తుంది, ఆశపడటంలో తప్పులేదు. కానీ నేను బతికే ఉన్నాను, నలభై ఆరు మార్కులతో.

గురువారం పది గంటలకి రా. నడక హాలు కింది అంతస్తులోనే, మెట్లు ఎక్కక్కర్లేదు. డాక్టరు కాగితం ఇస్తాడు, సంతకం పెట్టు. నేను అడగడం లేదు, చెబుతున్నాను. పోస్టాఫీసావిడ, "దయచేసి అని ఒక మాట చేర్చనా" అంటోంది. వద్దన్నాను. ఆవిడ కలం పట్టుకుని అలాగే చూస్తోంది. వద్దంటే వద్దు. చెల్లెలికి దయచేసి ఏమిటి, అదేమైనా పోస్టుమాస్టరా?

సంతకం పెట్టకపోతే గృహం వాళ్ల వ్యాను సోమవారం వస్తుంది. అది కూడా రాయమన్నాను. బెదిరించడానికి కాదు, తెలియడానికి.

అక్క

---

దుకాణం
జూన్ 26

అక్కా,

నిన్న వచ్చాను. రెండు బస్సులు మారి, పదికి పది నిమిషాలుండగానే వచ్చాను. నీకు కనపడలేదు. నడక హాలు తలుపుకి అద్దముంది, దాని బయట నిలబడ్డాను.

నువ్వు నడుస్తున్నావు. కుడికాలు పక్కనుంచి అర్ధచక్రంలా తిప్పి ముందుకి వేస్తున్నావు. వేసిన ప్రతిసారీ భుజం కొంచెం పైకి లేస్తోంది. తల కదలడం లేదు. కళ్లు గోడ మీద ఉన్నాయి. అక్కా, అది నా నడక. నన్ను నేను ఎప్పుడూ చూసుకోలేదు, దుకాణంలో నిలువుటద్దం లేదు. ఇలా ఉంటానా అనుకున్నాను. ఇంత కష్టంగా ఉంటుందా చూసేవాళ్లకి. చూసేవాళ్లకి ఇంత కష్టంగా ఉంటే, అరవై ఏళ్లు నువ్వెలా చూశావు?

డాక్టరు మంచివాడు. కుర్చీ వేయించాడు. "మీ అక్కగారికి మార్కులు బాగానే వచ్చాయి. కానీ మార్కులు ఈ హాల్లో నున్నటి నేల మీద వచ్చినవి. ఇంట్లో పడితే పట్టుకునేవాళ్లు ఉన్నారా" అని అడిగాడు. అదొక్కటే అడిగాడు. కాగితం మీద కూడా ఆ ప్రశ్నే ఉంది, పక్కన ఖాళీ గీత.

ఉత్తరంలో నువ్వు ఒక్క మాట, సగం మాట రాయించి ఉంటే ఆ గీత మీద నా పేరు రాసేదాన్ని. పట్టుకోలేనని తెలిసినా రాసేదాన్ని, ఇద్దరం కలిసి దొర్లేవాళ్లం. నీ ఉత్తరం సంచిలోనే ఉంది. బయటికి తీసి మళ్లీ చదివాను, ఏమైనా వదిలేశానేమో అని. లేదు.

'ఎవరూ లేరు' అని రాశాను. చేతిరాత బాగుందని డాక్టరన్నాడు.

మేడ గది నాకొద్దు. పందొమ్మిది మెట్లు నేనెక్కలేను, ఆ సంగతి నీకు ఇన్నేళ్లలో తట్టలేదు. తాళం వేసి ఉంచాను. దుప్పట్లు మడతపెట్టి కర్పూరం ఉండలు వేశాను.

అద్దం బయట ఏడుపొచ్చింది. ఏడవలేదు. అలవాటవుతుంది.

చిన్నది

---

గృహం, కింది వరస, తొమ్మిదో నంబరు కుర్చీ
జూలై 15

చిన్నదానా,

ఇక్కడ నాకు గది లేదు, కుర్చీ ఉంది. పైన చిరునామా తప్పు పడిందనుకోకు. రాస్తున్నది వంటావిడ. అక్షరాలు పెద్దవి, తప్పులుంటే ఆవిడవి, మాటలు నావి.

నువ్వు రాసిన కాగితం నాకంటే ముందే ఇక్కడికి చేరింది. దాని మీద తొమ్మిదిసార్లు పడింది, ఇంట్లో ఎవరూ లేరు అని ఉంది. నలభై ఆరు అన్నది రెండో పేజీలో ఉంది, ఇక్కడ రెండో పేజీ ఎవరూ తిప్పరు. అందుకని కుర్చీకి నడుం పట్టీ వేశారు. కింద ఒక దిండు పెట్టారు, నేను లేస్తే అది కుయ్యోమంటుంది. ఆసుపత్రి పటకా వెనక ఒక పిల్ల ఉండేది, తిడితే పలికేది. ఈ పట్టీ వెనక కుర్చీ ఉంది.

గోడ మీద ఒక పలక వేలాడుతోంది. నూట నలభై రోజులుగా ఎవరూ పడలేదు అని రాసి ఉందట. ఈ గృహం నడిపే పెద్దమ్మగారు వచ్చినవాళ్లందరికీ అది చూపిస్తుంది. ఇక్కడ ఎవరూ పడరు, ఎవరూ నడవరు కాబట్టి. నా పక్క కుర్చీ ఆయన ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి ఉత్తరాలిచ్చేవాడట. వచ్చి ఏడాదయింది, ఆయన చెప్పులింకా కొత్తగానే ఉన్నాయి.

మొన్న ఆదివారం పట్టీ ఊడదీశాను. బట్టల మధ్య బతికినదాన్ని, కొక్కెం ఊడదీయడం నాకో లెక్కా? ఎడమ చెయ్యి చాలు. దిండు అరిచింది. వాళ్లు వచ్చేలోపు వరండా చివరిదాకా ఇరవై రెండడుగులు వేశాను. తిరిగేటప్పుడు పడ్డాను. తుంటి విరగలేదు. ఇద్దరు మగవాళ్లు పరుగెత్తుకొచ్చి చంకల్లో చేతులేశారు. వద్దన్నాను. నా నోరు జారుతోంది కదా, వాళ్లకి అర్థం కాలేదు. మూటలా లేపి కుర్చీలో వేశారు. ఈ వయసుకి మొదటిసారి నన్నొకరు లేపారు. ఎలా ఉందో నీకు చెప్పను. చెబితే నీ కడుపు నిండుతుంది. పలక మీద అంకె చెరిపి సున్నా వేశారు, ఆ రోజు నుంచి నాతో ఎవరూ మాట్లాడటం లేదు. ఇప్పుడు పట్టీలు రెండు.

వచ్చి తీసుకుపో అని అడగడానికి ఈ ఉత్తరం రాయించడం లేదు. వంటావిడ అలాగే అనుకుని ముందే ఏడుస్తోంది, దాన్ని కూడా తిట్టాల్సి వచ్చింది. ఒక్క సంగతి తేల్చుకోవడానికి రాయిస్తున్నాను.

నువ్వు రాసింది నిజమే. నేను పడితే పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. ఆ మాట రాసి నన్ను శిక్షించానని నువ్వు అనుకుంటూ ఉంటావు, తిండి సయించడం లేదేమో కూడా. తిను. ఎవరూ లేకుండా చేసుకున్నది నేను. పన్నెండేళ్ల వయసులో మెట్ల పైన నిలబడి మొదలుపెట్టి, ఒక్కరోజు సెలవు తీసుకోకుండా అరవై ఏళ్లు చేసుకున్నాను. నువ్వు చేసిందల్లా చివర్లో అది కాగితం మీద పెట్టడం. నా పనిని నీ పని అని చెప్పుకు తిరగకు.

అక్క